నూట ఇరవై రోజుల లెక్క

పాలకుర్తిలో మరియం బీ నోటికి భయపడని వాళ్లంటూ ఉంటే, వాళ్లు ఆమె చేత చివరి స్నానం చేయించుకుంటున్న వాళ్లే. బతికున్న వాళ్లందరూ జంకుతారు. నేనూ జంకుతాను. పదకొండేళ్లుగా ఆ వాడలో ఆశా కార్యకర్తగా తిరుగుతున్నాను. ఒక్కరోజైనా ఆమె చేత తిట్లు తినకుండా ఇల్లు చేరింది లేదు. సంచి భుజాన వేసుకుని ఆమె గడప ముందు నుంచి పోతుంటే చాలు, "ఏమే కళావతీ, గా సంచి మోసుడేనా, జర మనుషుల మొఖాలు గూడ చూస్తవా?" అని అరుస్తుంది. పలకకుండా పోతే ఇంకో తిట్టు.

ఆమెకు అరవై ఎనిమిదేళ్లు. పుట్టింది చిల్పూర్ దగ్గర, పెళ్లయి వచ్చింది ఇక్కడికి. భర్త పోయి ఇరవై ఏళ్లు దాటింది. ముస్లింల ఇళ్లలో ఆడవాళ్లు చనిపోతే కడిగి, కఫన్ గుడ్డ చుట్టి సాగనంపడం ఆమె పని. ఆ స్నానాన్ని గుసుల్ అంటారు. అత్త దగ్గర నేర్చుకుంది. నలభై ఏళ్లలో ఎంతమందిని కడిగిందో ఆమెకే గుర్తు లేదు. ఎవరి దగ్గరా ఏమీ ఆశించదు. "రేపు నన్ను గూడ ఎవలో ఒకలు కడగాలె గదా" అంటుంది.

ఆ పనికి ఒక కట్టుబాటు ఉంది. కడిగేటప్పుడు ఒంటి మీద ఏం కనబడినా బయట చెప్పకూడదు. వాతలు కనబడినా, కమిలిన మచ్చలు కనబడినా, పరదా వెనక చూసింది పరదా వెనకే ఉండిపోవాలి. ఇంత నోరున్న మనిషి ఆ ఒక్క విషయంలో పెదవి విప్పగా నేను వినలేదు. ఒకసారి ఊరికే తెలుసుకుందామని అడిగితే చీపురు చూపించింది.

నెలలు నిండకుండా పోయిన పిండాలను కూడా ఆమె దగ్గరికే తెస్తారు. కాళ్లూ చేతులూ ఏర్పడి ఉంటే కడిగి, పేరు పెట్టించి, తెల్లగుడ్డ చుట్టి ఖబ్రస్తాన్‌కు పంపుతుంది. ఏర్పడకపోతే శుభ్రమైన గుడ్డలో పెట్టి మట్టిలో కలపమంటుంది. కడుపులో ఉన్నది మనిషా కాదా అని పెద్ద పెద్ద వాళ్లు పుస్తకాలు పట్టుకుని వాదించుకుంటారు కదా, మా మరియం బీ వాకిట్లో పీట మీద కూచుని, అరచేయి చాపి చూసి చెప్పేస్తుంది. ఆమె మాటకు ఎదురు చెప్పిన వాళ్లు లేరు, మెహనాజ్ సంగతి వచ్చేదాకా.

మెహనాజ్ భూపాలపల్లి పిల్ల. ఇరవై రెండేళ్లు. బైక్ మెకానిక్ హఫీజ్‌ను చేసుకుని మా ఊరికి వచ్చింది. తొలి కాన్పు. నాలుగో నెల దాటాక స్కానింగ్‌కు జనగామ తీసుకుపోయింది నేనే. లోపలి నుంచి వచ్చి మెహనాజ్ నీళ్లు తాగడానికి బయటికి పోయింది. ఫైలు నా చేతిలో ఉంది కాబట్టి డాక్టరమ్మ నాతో చెప్పింది. బిడ్డకు తల పైచిప్ప ఏర్పడలేదు. మెదడు ఎదగలేదు. ఇక ఎదగదు. నెలలు నిండి పుట్టినా గంటలు కూడా బతకడం కష్టం. కడుపు తీయించుకోవాలనుకుంటే ఆలస్యం చేయకుండా పెద్ద దవాఖానకు పొమ్మని రాసిచ్చింది.

అప్పుడు నేను చేసిన పని చెబుతాను. మెహనాజ్ తిరిగి వచ్చేలోపే వాళ్ల అత్త జబీన్‌కు ఫోన్ చేశాను. ఇంటి పెద్ద మనిషికి ముందు తెలియాలి కదా అనుకున్నాను. మా దగ్గర అందరం అట్లాగే చేస్తాం. కడుపుతో ఉన్న మనిషి కడుపు సంగతి ఆమెకు తప్ప అందరికీ ముందు చెబుతాం. మా ఆటో పాలకుర్తి చేరేసరికి వాడంతా తెలిసిపోయింది. నా పక్కన కూచుని బిస్కెట్ తింటున్న మెహనాజ్‌కు మాత్రం తెలియదు. గడపలో అత్త ఏడుపు చూసి, "ఏమైంది అమ్మీ, ఎవలు పోయిన్రు?" అని అడిగింది. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

జబీన్ చెడ్డ మనిషి కాదు. ఆ మనవడి కోసమో మనవరాలి కోసమో ఎక్కని దర్గా లేదు. రెండు రోజులు ఏడ్చి, కళ్లు తుడుచుకుని, "అల్లా ఇచ్చిండు, అల్లానే తీస్కపోతడు. అప్పటిదాక మొయ్యాలె" అని తేల్చేసింది. మోసేది తాను కాదు కనుక తేల్చడం తేలికైంది.

మెహనాజ్ మాత్రం మూడో రోజు పొద్దున నా చేయి పట్టుకుని, "అక్కా, నాతోని కాదు" అంది. "ఇంక అయిదు నెలలు పొట్ట పెరుగుతది. ఎదురొచ్చినోళ్లందరు ఎన్నో నెల అని అడుగుతరు. చీరె పెడ్తమంటరు, బొమ్మలు తెస్తరు. లోపట కదుల్తుంటది. నాకు తెలిసి తెలిసి నవ్వాల్నా? నాతోని కాదక్కా." ఆ పిల్ల ఏడవలేదు. అందుకే నాకు ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రమే జబీన్ ఇంటి ముందు కుర్చీలు వేశారు. ఖబ్రస్తాన్ కమిటీ పెద్ద ఉస్మాన్, ఆయన వెంట ఇంకో ఇద్దరు వచ్చారు. హఫీజ్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మెహనాజ్‌ను లోపలి గదిలో కూచోబెట్టారు. ఎవరి కడుపు గురించో మాట్లాడుకుంటున్నట్టు మాట్లాడుకున్నారు. నూట ఇరవై రోజులకు బిడ్డలోకి రూహ్, అంటే ప్రాణం, ప్రవేశిస్తుందని, ఆ తర్వాత తీస్తే అది హత్యేనని ఉస్మాన్ చెప్పాడు. స్కానింగ్ కాగితం తెప్పించుకున్నాడు. స్కానింగ్ నాటికి పదిహేడు వారాల మూడు రోజులు. ఆ తర్వాత గడిచిన రెండు రోజులూ కలిపి ఫోన్‌లో లెక్క కట్టి, "నూట ఇరవై నాలుగు. నాలుగు రోజులు దాటింది. ఇగ చేసేదేం లేదు. చేస్తే ఖూన్ కిందికొస్తది" అని కాగితం మడిచాడు.

"ఏ దినం కాంచి లెక్క వెట్టినవ్ ఉస్మాన్?"

మరియం బీ. ఎవరూ పిలవలేదు. చేతిలో తమలపాకు నలుపుకుంటూ వచ్చి నిలబడింది.

"కాయితం మీదనే ఉన్నది ఆపా" అన్నాడు ఉస్మాన్. ఆమె ఆయన కన్నా పెద్దది, అందుకే అక్కా అని పిలుస్తాడు.

"డాక్టర్లు నెలసరి కాంచి లెక్క వెడ్తరు. నెలసరప్పుడు కడుపు యాడుంటదయ్యా? తలకు పోసుకున్నంక గదా నిలిచేది. పద్నాలుగు దినాలు తీసెయ్యి. మొగోనివి, నీకెట్ల తెలుస్తది?"

మగవాళ్లు ముగ్గురూ మూడు దిక్కులు చూశారు. అట్లాంటి మాట వాళ్ల ఎదుట ఎవరూ ఎప్పుడూ అని ఉండరు. నేను లోపల్లోపల నవ్వుకున్నాను. నూట ఇరవై నాలుగులో పద్నాలుగు తీస్తే నూట పది. వాళ్ల లెక్క ప్రకారమే ఇంకా పది రోజులుంది. నెగ్గామనుకున్నాను.

ఉస్మాన్ తేరుకుని, ఇది మనమనుకుంటే తేలేది కాదు, శుక్రవారం నమాజు తర్వాత చూద్దామన్నాడు. శుక్రవారం వచ్చింది. పెద్ద మౌలానాను అడగాలన్నాడు. మౌలానా ఊళ్లో లేడు, సోమవారం వస్తాడు. సోమవారం పోయింది, ఆయన పుస్తకం చూసి చెబుతానన్నాడట. నేను రోజూ పోయి అడగడం, జబీన్ రేపు అనడం. లెక్క కావాలన్న వాళ్లే కూర్చుని ఆ పది రోజులూ మింగేశారు. దాంతో పాటు మరియం బీకి ఒక కబురు కూడా పంపారు. ఆ పిల్ల వెంట దవాఖానకు పోతే ఇక ఏ ఇంట్లోనూ ఆమెను గుసుల్‌కు పిలవరని.

పన్నెండో రోజు సాయంత్రం నేను మరియం బీ వాకిట్లో ఉండగా మెహనాజ్ వచ్చింది. ఒక్కతే, బురఖా మీద చున్నీ సరిగ్గా లేదు. నిలబడే అడిగింది. మరియం బీని పిన్ని వరసన ఖాలా అంటుంది.

"ఖాలా, నువ్వు జెప్పిన లెక్క గూడ దాటింది. ఇయ్యాల నూట ఇరవై రెండు. ఇప్పుడు నువ్వు గూడ వద్దంటవా?"

మరియం బీ మాట కోసం వెతుక్కోవడం నేను చూసింది అదే మొదటిసారి. పీట జరిపి పిల్లను కూచోబెట్టింది.

"నేను తప్పు జేసిన బిడ్డా" అంది. "ఆ మొగోళ్లను లెక్కతోని ఓడగొట్టాలని చూసిన. లెక్కల దిగినంక లెక్కనే నిన్ను పట్టుకున్నది. నూట ఇరవైయో దినం ఉన్న మెహనాజ్ నూట ఇరవై ఒకటో దినం పొద్దుగాల వేరే మనిషైతదా? నీ కష్టం తగ్గుతదా?"

"అందులో ప్రాణం లేదని నేననను ఖాలా. నా బిడ్డ కాదని నేనెప్పుడన్న అన్ననా?" మెహనాజ్‌కు అప్పుడు ఏడుపొచ్చింది.

"రో నక్కో" అంది మరియం బీ, ఏడవకు అని వాళ్ల దక్కనీలో. "రూహ్ ఎప్పుడొస్తదో నాకు తెల్వది. నలభై ఏండ్ల సంది ఈ చేతులల్ల పట్టుకుంటున్న, నాకే తెల్వలే. తెలిసినట్టు ఫోన్ల చూసి చెప్పెటోళ్లను చూస్తే మంట లేస్తది. నీ బిడ్డే. నీ కడుపే. నువ్వే చెప్పాలె. పోదామంటే రేపు పొద్దుగాల పోదాం."

"పోదాం" అంది మెహనాజ్.

మర్నాడు పొద్దున మేం ముగ్గురం మరియం బీ గడప ముందు ఆటో ఎక్కేసరికి కబురు అందినట్టుంది, ఉస్మాన్ మనుషులతో వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "ఆపా, పెద్దదానివి, నువ్వే గిట్ల ఖూన్‌కు తోడు పోతవా?" అన్నాడు.

మరియం బీ ఆటోలోంచి దిగింది. అరవకుండా మాట్లాడింది. అరిస్తే అలవాటే కాబట్టి భయం ఉండేది కాదు. అరవలేదు కాబట్టి అందరం బిగుసుకుపోయాం.

"నలభై ఏండ్లల్ల నేను ముగ్గురు ఆడపిల్లలను కడిగిన ఉస్మాన్. దవాఖానకు తీస్కపోకుంట, నలుగురికి తెలుస్తదని, దొంగతనంగ ఎవలెవలితోనో కడుపులు తీయించిన్రు. కాయితం మీద జొరమని రాసిన్రు. జొరమొచ్చినోళ్ల ఒళ్లు ఎట్లుంటదో నాకు తెల్వదా? నీళ్లు పోస్తుంటే ఎర్రగ పోతనే ఉండె. కఫన్ మీద కఫన్ చుట్టిన. ఒక్క పిల్లకైతే పందొమ్మిదేండ్లు. చూసింది చెప్పద్దని నోరు కుట్టుకున్న. ఇయ్యాల గింతే చెప్తున్న. ఇండ్ల పేర్లు నేను సచ్చినా చెప్ప. నాలుగో పిల్లను మాత్రం నేను కడగ. మీరు పిలవకుండ్రి, మంచిదే. పిలిచినా రాను."

ఉస్మాన్ వెంట వచ్చిన వాళ్లలో ఒకాయన నేల చూస్తూ వెనక్కి జరిగి, మెల్లగా వెళ్లిపోయాడు. ఆయన ఇల్లు ఆ మూడింటిలో ఒకటేమో, నాకు తెలియదు. మళ్లీ అడిగే ధైర్యం చేయలేదు.

పెద్ద దవాఖానలో నర్సు కాగితాలు తిప్పి, "భర్త ఏడి? ఆయన సంతకం కావాలె" అంది. అన్నేళ్లుగా నేను ఏ నర్సుకూ ఎదురు చెప్పలేదు. ఆరోజు చెప్పాను. పద్దెనిమిదేళ్లు నిండిన మనిషికి తన సంతకం ఒక్కటే చాలని చట్టంలో ఉందని, మా శిక్షణలో చెప్పారని, కావాలంటే పెద్ద డాక్టరమ్మను అడగమని. మరియం బీ నా వైపు చూసి, "సంచిల నోరు గూడ పెట్టుకున్నవా ఇయ్యాల" అంది. మెహనాజ్ సంతకం చేసింది. పూర్తి పేరు, తండ్రి పేరుతో సహా, నెమ్మదిగా రాసింది.

సాయంత్రం హఫీజ్ బైక్ మీద వచ్చి వార్డు బయట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "పెద్దోళ్ల ముంగట నోరు రాలే ఖాలా" అన్నాడు. "ఇప్పుడన్న కాళ్లొచ్చినయి గదా. లోపటికి పో" అని మరియం బీ తలుపు చూపించింది. అతను పోయాడు. రాత్రంతా ఆ పిల్ల చేయి వదలకుండా ఉన్నాడని తర్వాత మెహనాజ్ చెప్పింది.

మర్నాడు మధ్యాహ్నానికి ఇంటికి పంపించారు. బిడ్డను గుడ్డలో చుట్టి ఇవ్వమని మరియం బీయే అడిగి తీసుకుంది. ఆడపిల్ల. జబీన్ ఇంటి పెరట్లో మంచానికి చీర అడ్డం కట్టి, రేగాకులు వేసిన నీళ్లు గోరువెచ్చగా చేయించింది. అరచేతిలో పట్టేంత బిడ్డ. వేళ్లకు గోళ్ల గుర్తులు కూడా ఉన్నాయి. కనుబొమల పైన మాత్రం ఏమీ లేదు.

"జబీన్, నీళ్లు పొయ్యి" అంది మరియం బీ.

"నేను రాను. మీరు చేసిన పాపం, మీరే కడుక్కోండ్రి" అంది జబీన్ తలుపు వెనక నుంచి.

"నీ మనుమరాలు. రాకుంటే ఊకో. కండ్లజూడు మరి, తర్వాత చూస్తనన్నా ఉండదు."

చాలాసేపటికి జబీన్ వచ్చింది. చూసింది. కొంగు నోట్లో కుక్కుకుంది. చెంబు తీసుకుని, మరియం బీ చేతి మీద సన్నగా నీళ్లు పోసింది. పక్కన ఇంకో మంచం మీద పడుకున్న మెహనాజ్ అక్కడి నుంచే తల్లిగా ఆఖరిసారి చూసుకుని, మరియం బీ చెవిలో ఏదో చెప్పింది. నాకు వినపడలేదు. పేరై ఉంటుంది అనుకున్నాను.

హఫీజ్ మూటను రెండు చేతుల్లో పట్టుకుని ఖబ్రస్తాన్‌కు పోయాడు. పావుగంటలో అదే మూటతో తిరిగొచ్చాడు. ఉస్మాన్ గేటు దగ్గరే ఆపాడట. చంపుకుని తెచ్చిన దానికి అక్కడ చోటు లేదు, కాలువ గట్టున ఎక్కడైనా పెట్టుకోమన్నాడట. హఫీజ్ ముఖం మట్టి రంగులో ఉంది.

మరియం బీ మూట తీసుకుంది. మా దగ్గర ఆడవాళ్లు ఖబ్రస్తాన్‌కు పోరు. ఇన్నేళ్లు ఎందరినో సాగనంపిన ఆమె కూడా ఆ గేటు దాకా ఎప్పుడూ పోలేదు. ఆరోజు పోయింది. ముందు ఆమె, వెనక హఫీజ్, వాళ్ల వెనక నేను. దారిలో ఇళ్ల తలుపులు తెరుచుకున్నాయి. ఆమె ఎవరినీ చూడలేదు.

గేటు ముందు ఉస్మాన్ ఉన్నాడు. ఇంకో పదిమంది చేరారు.

"ఉస్మాన్, మొన్న నలుగుర్ల నువ్వేమన్నవ్? నాలుగు రోజులు దాటింది, రూహ్ వచ్చింది, మనిషన్నవ్. తీస్తే ఖూనన్నవ్. అన్నవా లేదా?"

"అన్న."

"ఖూనైన మనిషికి ఖబర్ ఉంటదా ఉండదా? రోడ్డు మీద ఎవడన్న పొడిచి పారేస్తే నువ్వు కాలువ గట్టుకు పంపుతవా? మనిషైతే లోపట జాగ ఇయ్యి. మనిషి కాదంటవా, ఆ పిల్లను ఖూనీకోరన్న మాట గిక్కడ్నే, గీ పదిమంది ముంగట వాపస్ తీస్కో. రెండిట్ల ఏదో ఒకటి చెప్పు. పిల్ల బతుకు మీద పెత్తనానికైతే మనిషి, మూడు బెత్తెల మన్నుకైతే మనిషి కాదా? చెప్పు. నాకేం తొందర లేదు. నిలవడే ఉంటా."

ఉస్మాన్ రెండింట్లో ఏదీ అనలేకపోయాడు. పాపం, ఆయన కూడా రాయి కాదు. నమ్మిందే చెప్పాడు, నమ్మినదాని చివరిదాకా నడవలేకపోయాడు. ఆయన మీద నాకు జాలి కలిగింది, కానీ కొంచెమే. ఎవరో గేటు గొళ్లెం తీశారు. హఫీజ్ పార తీసుకుని గోడ పక్కన తవ్వడం మొదలుపెట్టాడు. మరియం బీ గేటు బయటే మూటను గుండెకు ఆనించుకుని నిలబడింది. తవ్వడం అయ్యాక అతని చేతుల్లో పెట్టింది. అతను దింపాడు.

దువాకు, అంటే ప్రార్థనకు ముందు, ఉస్మాన్ వచ్చి మరియం బీ ఎదుట నిలబడ్డాడు. గొంతు తగ్గించి, "ఆపా, పేరేం పెట్టిన్రు? దువాల చెప్పాలె గదా" అన్నాడు.

మరియం బీకి పేరు తెలుసు. చెప్పలేదు.

"తల్లిని అడుగు" అంది. "ఇంట్లనే ఉన్నది. పదిహేను దినాల సంది మీరందరు కూడి ఆ పిల్ల మీద మాట్లాడిన్రు. ఒక్కలన్న ఆమెను ఒక్క ముచ్చట అడిగిన్రా? గిదన్న పోయి అడుగు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. హఫీజ్, ఆయన వచ్చేదాక మన్ను పొయ్యకు."

ఉస్మాన్ అందరి వైపూ చూశాడు. చెప్పులు తొడుక్కుని జబీన్ ఇంటి దారి పట్టాడు. హఫీజ్ పార ఆనుకుని, తెరిచిన ఖబర్ పక్కన కూచున్నాడు. మేం ఎండలో నిలబడి ఎదురుచూశాం.

ఇరవై నిమిషాలకు ఉస్మాన్ తిరిగొచ్చాడు. లోపలికి పోయి, గుంత అంచున నిలబడి, అందరికీ వినపడేలా అన్నాడు.

"సకీనా."

"ఇగ పొయ్యి" అంది మరియం బీ హఫీజ్‌తో.